ఫైర్‌వాల్ ఆపేసినా పక్క కంప్యూటర్ తెరుచుకోవట్లేదంటే అడ్డు ఎక్కడుందో ఇలా చూడండి

ముందు మీ సమస్యను నేను అర్థం చేసుకున్న మేరకు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. కింద హాల్లో మీ నాన్నగారి డెస్క్‌టాప్ ఫైబర్ బాక్స్‌కి కేబుల్‌తో కలిపి ఉంది. పై గదికి సిగ్నల్ అందక పాత ఇంట్లో వాడిన వైఫై రౌటర్‌ని అక్కడ పెట్టుకున్నారు, మీ ల్యాప్‌టాప్ దానికి కనెక్ట్ అవుతుంది. రెండూ విండోస్ 11. ల్యాప్‌టాప్‌లో డెస్క్‌టాప్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని నంబర్ అడ్రస్) కొడితే షేర్ చేసిన ఫోల్డర్ తెరుచుకుంటోంది, కాకపోతే అందులో కొన్ని ఫైళ్లకు పర్మిషన్ లేదంటోంది. డెస్క్‌టాప్ నుంచి ల్యాప్‌టాప్‌లోకి మాత్రం అసలు వెళ్లలేకపోతున్నారు, నెట్‌వర్క్ దారి దొరకలేదనే 80070035 ఎర్రర్ వస్తోంది. ఎక్స్‌ప్లోరర్‌లోని నెట్‌వర్క్‌లో ఒకదానికొకటి కనిపించట్లేదు. రెండింట్లోనూ ఫైర్‌వాల్ ఆపేశారు, యాంటీవైరస్ తీసేశారు, పాస్‌వర్డ్ అడిగే సెట్టింగ్ కూడా ఆఫ్ చేశారు, అయినా ఫలితం లేదు.

మిగతాది చదివే ముందు రెండు మెషీన్లలోనూ ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చేసేయండి. మీ విషయంలో అడ్డు దాని దగ్గర లేదు. అది మీరిచ్చిన వివరాల్లోనే కనిపిస్తోంది.

మీరు పెట్టిన ఐపీకాన్ఫిగ్ (కంప్యూటర్ ఐపీ చూపించే కమాండ్) వివరాల్లో డెస్క్‌టాప్ ఐపీ 192.168.1.34, ల్యాప్‌టాప్ ఐపీ 192.168.0.102. సబ్‌నెట్ మాస్క్ రెండింట్లోనూ 255.255.255.0. ఈ మాస్క్ ఉన్నప్పుడు ఐపీలో చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల్లో మొదటి మూడూ ఒకటే అయితేనే రెండు కంప్యూటర్లూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టు. మీకు మూడో సంఖ్య దగ్గర 1, 0 అని తేడా వచ్చింది. అంటే ఇల్లు ఒకటే అయినా నెట్‌వర్క్‌లు రెండు. ఫైబర్ బాక్స్ తనకు తానే ఒక రౌటర్, పైన మీరు పెట్టింది ఇంకో రౌటర్, దానికి వ్యాన్ పోర్టులో (ఇంటర్నెట్ తీసుకునే పోర్టు) కేబుల్ గుచ్చారు కాబట్టి అది మళ్లీ తన సొంత నెట్‌వర్క్ తయారు చేసుకుని కూర్చుంది. రౌటర్ తన వెనకున్న మెషీన్లన్నిటినీ తన ఒక్క ఐపీతో బయటికి పంపడాన్ని నాట్ అంటారు, అది రెండుసార్లు జరిగితే డబుల్ నాట్. ఫైబర్ కనెక్షన్లు వచ్చాక పాత రౌటర్ పారేయబుద్ధి కాక ఇలా తగిలించుకున్న ఇళ్లలో ఇది చాలా మామూలు. ఇంటర్నెట్ మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఒకవైపు నుంచి తెరుచుకుని రెండోవైపు నుంచి తెరుచుకోకపోవడమే దీని ఆనవాలు. నాట్ చేసే రౌటర్ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటిది. లోపలి నుంచి బయటికి వెళ్లిన మనిషి తిరిగొస్తే పంపిస్తాడు, ఎవరి కోసం వచ్చాడో తెలియని కొత్త మనిషిని గేటు దగ్గరే ఆపేస్తాడు. మీ ల్యాప్‌టాప్ పై రౌటర్ లోపల ఉంది. అది డెస్క్‌టాప్‌ని అడగడమంటే బయటికి వెళ్లడమే, కాబట్టి జవాబు తిరిగి వస్తుంది. డెస్క్‌టాప్ ల్యాప్‌టాప్‌ని అడిగితే ఆ అభ్యర్థన పై రౌటర్ దాటి లోపలికి రాదు. నిజానికి అంతదూరం కూడా వెళ్లదు. 192.168.0 నెట్‌వర్క్ ఎక్కడుందో ఫైబర్ బాక్స్‌కి తెలియదు. ల్యాప్‌టాప్‌లో ఫైర్‌వాల్ ఉన్నా, తీసేసినా తేడా రాకపోవడానికి కారణం ఇదే, అక్కడిదాకా ఏదీ చేరట్లేదు.

మీ కళ్లతో చూడాలనుకుంటే చిన్న పరీక్ష ఉంది. ల్యాప్‌టాప్‌లో డెస్క్‌టాప్ ఫోల్డర్ తెరిచి అలాగే ఉంచి, కింద డెస్క్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్‌స్టాట్ కమాండ్‌ని హైఫన్ ఎన్‌తో కొట్టండి. వచ్చే జాబితాలో 192.168.1.34:445 అన్న లైను వెతకండి, 445 అంటే విండోస్ ఫైల్ షేరింగ్ వాడే పోర్టు, అంటే తలుపు నంబర్. దాని పక్కన ఉండే ఐపీ మీ ల్యాప్‌టాప్‌ది కాదు, 192.168.1 తోనే మొదలయ్యే ఇంకేదో ఐపీ ఉంటుంది. అది మీ పై రౌటర్‌ది. ల్యాప్‌టాప్ ఎవరో డెస్క్‌టాప్‌కి తెలియనే తెలియదు, రౌటర్ వచ్చి అడుగుతోందనుకుంటోంది. విండోస్ ఫైర్‌వాల్‌లో ఫైల్ షేరింగ్ రూల్స్ ప్రైవేట్ నెట్‌వర్క్‌లో (ఇంటిదని విండోస్‌కి చెప్పినది) లోకల్ సబ్‌నెట్ నుంచి, అంటే అదే నెట్‌వర్క్ నుంచి వచ్చినవాళ్లనే రానిస్తాయి. మీ ల్యాప్‌టాప్ అడిగేది ఈ రౌటర్ ఐపీతోనే, అది అదే సబ్‌నెట్‌లోది. కాబట్టి డెస్క్‌టాప్ నెట్‌వర్క్ ప్రైవేట్‌లో ఉంటే ఫైర్‌వాల్ ఆన్ చేసినా ఆ దారి మూసుకుపోదు, భయపడకండి.

ఇక నెట్‌వర్క్‌లో పేర్లు కనిపించకపోవడానికి కూడా కారణం ఇదే. మెషీన్లు ఒకదాన్నొకటి వెతుక్కునే పిలుపులు రౌటర్ దాటవు.

సరిచేయడం పెద్ద పనేం కాదు. పై రౌటర్‌ని రౌటర్‌గా కాకుండా వట్టి వైఫై ఇచ్చే పెట్టెగా మార్చాలి. ల్యాప్‌టాప్‌ని ఆ రౌటర్‌కి కనెక్ట్ చేసి దాని సెట్టింగ్స్ పేజీ తెరవండి, మీ దగ్గర గేట్‌వే (రౌటర్ ఐపీ) 192.168.0.1 అని ఉంది కాబట్టి బ్రౌజర్‌లో అదే కొట్టాలి. ఆపరేషన్ మోడ్ అని ఎక్కడైనా ఉంటే అందులో యాక్సెస్ పాయింట్ ఎంచుకుని సేవ్ చేయండి, రౌటర్ రీస్టార్ట్ అయితే పని అయిపోయినట్టే. చాలా పాత మోడల్ అయితే ఆ ఆప్షన్ ఉండదు, అప్పుడు చేత్తో చేయాలి. ఇక్కడ వరుస ముఖ్యం. మొదట రౌటర్ ల్యాన్ ఐపీని (ఇంటి లోపలి వైపు ఐపీ) 192.168.1.2 లాగా మార్చండి. ఫైబర్ బాక్స్ పంచే ఐపీల్లో అది ఉండకూడదు, బాక్స్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ (మెషీన్లకు ఐపీలు పంచే ఏర్పాటు) పరిధి ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో ఒకసారి చూసుకోండి. ఆ కొత్త ఐపీతో మళ్లీ లాగిన్ అయి డీహెచ్‌సీపీ సర్వర్‌ని ఆఫ్ చేయండి. ఆ తర్వాతే కేబుల్‌ని వ్యాన్ పోర్టు నుంచి తీసి ల్యాన్ పోర్టుల్లో ఒకదానికి మార్చండి. డీహెచ్‌సీపీ ఆపకుండా కేబుల్ మారిస్తే ఇంట్లో రెండు రౌటర్లూ పోటీ పడి ఐపీలు పంచుతాయి, ఫోన్లలో నెట్ వచ్చిపోతూ ఉంటుంది, అప్పుడు ఇంట్లో అందరూ మీ మీద పడతారు.

తర్వాత ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపి మళ్లీ కనెక్ట్ చేస్తే 192.168.1 తో మొదలయ్యే ఐపీ రావాలి. అది వస్తే సగం గెలిచారు. ఒక్క విషయం: పిల్లల ఫోన్లకు టైమ్ లిమిట్ లాంటివి పై రౌటర్‌లో పెట్టి ఉంటే, ఈ మోడ్‌లో అవి సాధారణంగా పనిచేయవు. వాటిని ఫైబర్ బాక్స్‌లో పెట్టుకోవాలి.

ఎవరో మీకు పై రౌటర్‌లో 445 పోర్టు ఫార్వర్డ్ చేయమనో (బయటి నుంచి ఆ పోర్టుకి వచ్చేదాన్ని ల్యాప్‌టాప్‌కి పంపడం), ల్యాప్‌టాప్‌ని డీఎంజెడ్‌లో (బయటి నుంచి వచ్చేదంతా ఒకే మెషీన్‌కి పంపే సెట్టింగ్) పెట్టమనో చెప్పారని రాశారు. దయచేసి చేయకండి. మీ ఇంట్లో ఇప్పుడున్న అమరికలో అది పనిచేస్తుంది కూడా, అందుకే మరీ ప్రమాదం. రేపు ఇల్లు మారి, ఆ రౌటర్‌నే నేరుగా ఇంటర్నెట్‌కి తగిలించారనుకోండి, అదే రూల్ మీ ల్యాప్‌టాప్‌ని ప్రపంచానికి తెరిచి పెట్టేస్తుంది, మీకు గుర్తు కూడా ఉండదు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ పాకింది ఈ 445 పోర్టు దారిలోనే, ఎస్‌ఎంబీ అనే విండోస్ ఫైల్ షేరింగ్ పద్ధతి పాత వెర్షన్ ఎస్‌ఎంబీ 1 లో ఉన్న లోపాన్ని పట్టుకుని. మైక్రోసాఫ్ట్ దానికి ప్యాచ్ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్లు చిక్కుకున్నారు. బ్రిటన్‌లో ఆస్పత్రులు స్తంభించాయి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కూడా కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. మీ నాన్నగారి డెస్క్‌టాప్‌లో ఇంటి డాక్యుమెంట్ల స్కాన్లు ఉన్నాయని మీరే చెప్పారు. అలాంటి మెషీన్‌లో ఫైర్‌వాల్ ఒక్క పూట కూడా ఆఫ్‌లో ఉండకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

రౌటర్ మార్చాక ఇంకా తెరుచుకోకపోతే అప్పుడు ఫైర్‌వాల్ వైపు చూడాలి. అక్కడ మొదట చూడాల్సింది నెట్‌వర్క్ ప్రొఫైల్, అంటే విండోస్ ఆ నెట్‌వర్క్‌ని ప్రైవేట్ అనుకుంటోందా పబ్లిక్ అనుకుంటోందా అన్నది. రౌటర్ అమరిక మారితే విండోస్ ఒక్కోసారి దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుని పబ్లిక్‌లో పెట్టేస్తుంది, పబ్లిక్‌లో ఫైల్ షేరింగ్‌ని రానివ్వదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌కి వెళ్లి, మీ వైఫై ప్రాపర్టీస్‌లో ప్రైవేట్ నెట్‌వర్క్ ఎంచుకోండి. డెస్క్‌టాప్‌లో ఈథర్నెట్‌కి కూడా అంతే. ఆపైన అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేయండి. ఫైర్‌వాల్‌లో కావాల్సిన దారులు విండోస్ తనే తెరుస్తుంది, మీరు చేత్తో ఏ పోర్టూ రాయనక్కర్లేదు.

పింగ్ వెళ్లట్లేదని చాలామంది టెన్షన్ పడతారు. పింగ్‌ని నమ్ముకోవద్దు. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌కి జవాబివ్వకపోయినా ఫైల్ షేరింగ్ పనిచేయొచ్చు, పింగ్ వచ్చినా షేరింగ్ ఆగిపోవచ్చు. అడగాల్సింది 445 పోర్టు తెరిచి ఉందా లేదా అని. పవర్‌షెల్ తెరిచి టెస్ట్-నెట్‌కనెక్షన్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి అవతలి ఐపీ, మళ్లీ స్పేస్ ఇచ్చి హైఫన్ పోర్ట్, 445 అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. చివరి లైన్లో టీసీపీ టెస్ట్ సక్సీడెడ్ పక్కన ట్రూ అని వస్తే రౌటర్‌దీ ఫైర్‌వాల్‌దీ తప్పేం లేదు, ఇక వాటి జోలికి వెళ్లకండి. ఫాల్స్ వస్తే దారిలోనే ఎక్కడో ఆగింది. ఫాల్స్ వచ్చినప్పుడు షేరింగ్ ఇచ్చే మెషీన్‌లోనే ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి లోకల్‌హోస్ట్ అని కొట్టి చూడండి. అక్కడ మీ ఫోల్డర్ కనిపిస్తే షేరింగ్ సవ్యంగానే ఉంది, అడ్డు బయట ఉంది. అక్కడే కనిపించకపోతే ఫోల్డర్‌ని అసలు షేర్ చేయలేదన్నమాట.

మీరు తీసేసిన యాంటీవైరస్‌ని మళ్లీ వేసుకుంటే, దాని సొంత ఫైర్‌వాల్ ఉందేమో చూసుకోండి. అలాంటివి కొన్ని విండోస్ ప్రైవేట్ అన్నా పట్టించుకోవు, వాటిలో వేరేగా మీ ఇంటి నెట్‌వర్క్‌ని నమ్మదగినదిగా గుర్తు పెట్టాలి. వీపీఎన్ ఆన్‌లో ఉంటే పరీక్ష చేసేటప్పుడు ఆపండి. ఫోల్డర్‌ని ఆఫీసువాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో తెరవాలనుకుంటే ఆ ఆలోచన మానేయడం మేలు, వాటి రూల్స్ మన చేతిలో ఉండవు.

రౌటర్‌లో ఇంకో చిక్కు ఉండొచ్చు. గెస్ట్ వైఫైకి కనెక్ట్ అయినా, ఏపీ ఐసోలేషన్ (మెషీన్లను ఒకదానితో ఒకటి మాట్లాడనివ్వని వైఫై సెట్టింగ్) ఆన్‌లో ఉన్నా ఐపీలు ఒకే వరుసలో కనిపించొచ్చు కానీ మెషీన్లు మాట్లాడుకోవు. ఐపీ సరిగ్గా ఉండి 445 ఫాల్స్ వస్తుంటే ఇది చూడండి.

పోర్టు తెరుచుకున్నాక డెస్క్‌టాప్ మిమ్మల్ని యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. అది చూసి చాలామంది మళ్లీ ఫైర్‌వాల్ ఆపడానికి పరిగెడతారు. నిజానికి అది శుభవార్త. పాస్‌వర్డ్ బాక్స్ వచ్చిందంటే దారి మొత్తం తెరిచి ఉన్నట్టే, ఇక మిగిలింది అకౌంట్ గొడవ. ఇక్కడ పిన్ పనిచేయదు. పిన్ ఆ మెషీన్ ముందు కూర్చున్నప్పుడు మాత్రమే. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవాళ్లు ఈమెయిల్ మొత్తం, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఇవ్వాలి. మీ నాన్నగారి అకౌంట్‌కి అసలు పాస్‌వర్డే లేదన్నారు. పాస్‌వర్డ్ లేని అకౌంట్‌తో నెట్‌వర్క్ మీద లాగిన్ అవ్వడాన్ని విండోస్ మామూలుగా ఒప్పుకోదు. అందుకే మీరు పాస్‌వర్డ్ రక్షణ మొత్తం ఆపేయాల్సి వచ్చింది. అప్పుడు మీ వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివాళ్లూ ఆ ఫోల్డర్ తెరవొచ్చు, ఇంటికొచ్చే ట్యూషన్ పిల్లలతో సహా. పైగా ఇది ఎక్కువ రోజులు నిలవదు. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ 11 ప్రోలో పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా కనెక్ట్ అవ్వడం డిఫాల్ట్‌గా ఆగిపోయింది. ఒక అప్‌డేట్ తర్వాత పొద్దున్నే అన్నీ మూసుకుపోయాయని మళ్లీ వెతుక్కోవాల్సి వస్తుంది.

దీనికి చక్కటి మార్గం: రెండు మెషీన్లలోనూ షేరింగ్ కోసమే ఒక లోకల్ అకౌంట్ చేయండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అదర్ యూజర్స్‌కి వెళ్లి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా యూజర్‌ని చేర్చే ఆప్షన్ తీసుకోండి. పేరు చిన్నగా ఇంగ్లిష్ అక్షరాల్లో, పాస్‌వర్డ్ గట్టిగా, రెండు చోట్లా ఒకటే ఉంచండి. నాన్నగారు ఆ అకౌంట్‌తో ఎప్పుడూ లాగిన్ అవ్వనక్కర్లేదు, ఆయన మామూలుగా పాస్‌వర్డ్ లేకుండానే వాడుకోవచ్చు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్‌లోని షేర్ బటన్ నొక్కి ఈ యూజర్‌ని చేర్చి రీడ్ అండ్ రైట్ ఇవ్వండి. తర్వాత పాస్‌వర్డ్ రక్షణ మళ్లీ ఆన్ చేయండి. డీ డ్రైవ్ మొత్తాన్ని షేర్ చేయకండి, ఒక్క ఫోల్డర్ చాలు.

పాత లాగిన్ గుర్తుంచుకుని విండోస్ మొండికేస్తే, ఒకే సర్వర్‌కి రెండు పేర్లతో కనెక్ట్ కాలేరని చెబితే, క్రెడెన్షియల్ మేనేజర్‌లో (విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే చోటు) విండోస్ క్రెడెన్షియల్స్ కింద ఆ ఐపీకి సంబంధించిన ఎంట్రీ తీసేసి ఒకసారి రీస్టార్ట్ చేయండి.

ఇక కొన్ని ఫైళ్లు తెరుచుకుని కొన్ని తెరుచుకోకపోవడం. ఇది మీ ప్రశ్నలో నాకు బాగా ఆసక్తిగా అనిపించిన భాగం, ఎందుకంటే దీనికి నెట్‌వర్క్‌తో సంబంధమే లేదు. షేర్ చేసిన ఫోల్డర్‌కి పర్మిషన్లు రెండు చోట్ల ఉంటాయి, షేర్ మీద ఒకటి, డిస్క్ మీద ఫైళ్లకు ఇంకోటి. రెండింటిలో ఏది బిగువుగా ఉంటే అదే చెల్లుతుంది. మీ నాన్నగారు స్కాన్ చేసిన ఫైళ్లను మరో ఫోల్డర్ నుంచి ఇందులోకి కట్ చేసి పేస్ట్ చేసి ఉంటారు. అదే డ్రైవ్‌లో కాపీ చేస్తే కొత్త ఫోల్డర్ పర్మిషన్లు వస్తాయి, కట్ చేసి పెడితే పాత పర్మిషన్లే ఫైల్ వెంట వచ్చేస్తాయి. అందుకే ఒకే ఫోల్డర్‌లో ఒక ఫొటో తెరుచుకుంటుంది, పక్కనున్న పీడీఎఫ్ తెరుచుకోదు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి కింద ఉండే రీప్లేస్ ఆల్ చైల్డ్ ఆబ్జెక్ట్ పర్మిషన్ ఎంట్రీస్ టిక్ పెట్టి అప్లై చేస్తే లోపలున్నవన్నీ ఫోల్డర్ పర్మిషన్లకే వచ్చేస్తాయి. ముందు అదే పేజీలో కొత్త యూజర్ పేరు ఉందో లేదో చూసుకోండి. ఇది మీ షేర్ ఫోల్డర్ మీద మాత్రమే చేయాలి, సీ డ్రైవ్‌లో ఎక్కడా చేయకూడదు.

డెస్క్‌టాప్ ఐపీ రేపు మారిపోతే ఈ శ్రమంతా మళ్లీ. కాబట్టి ఫైబర్ బాక్స్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (ఒక మెషీన్‌కి ఎప్పుడూ ఒకే ఐపీ ఇవ్వడం) ఉంటే డెస్క్‌టాప్‌కి 192.168.1.34 కేటాయించేయండి. తర్వాత ల్యాప్‌టాప్‌లో మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్‌తో ఆ ఐపీనే ఒక డ్రైవ్‌గా పెట్టుకోండి. అప్పుడు నెట్‌వర్క్‌లో పేరు కనిపించిందా లేదా అన్న బాధ ఉండదు. పేరు కనిపించాల్సిందే అంటే, సర్వీసెస్‌లో ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అన్నదాన్ని రెండు మెషీన్లలోనూ ఆటోమేటిక్‌లో పెట్టి స్టార్ట్ చేయండి. డెస్క్‌టాప్ స్లీప్‌లోకి వెళ్తే షేర్ కూడా పోతుందని గుర్తుంచుకోండి.

మీ రెండో ప్రశ్న, పై రౌటర్ వెనక యూఎస్‌బీకి పెట్టిన హార్డ్‌డిస్క్ గురించి. ఇది సురక్షితం కాదు, ఎస్‌ఎంబీ 1 కావాలి అని విండోస్ చెబుతోందన్నారు. ఆ రౌటర్ అంత పాతది, దానికి ఆ పాత పద్ధతి తప్ప ఇంకోటి రాదు. విండోస్ 10లో 2017 చివర వచ్చిన 1709 వెర్షన్ నుంచి ఎస్‌ఎంబీ 1 మామూలుగా ఇన్‌స్టాల్ కాదు, వాన్నాక్రై వాడుకున్నది దాన్నే. విండోస్ ఫీచర్స్‌లో టిక్ పెడితే తిరిగొస్తుందని యూట్యూబ్‌లో చూపిస్తారు, పెట్టకండి. విండోస్ 7 మెషీన్ ఉన్నా దానికి ఎస్‌ఎంబీ 1 అవసరం లేదు, ఎక్స్‌పీ కాలం నాటి వాటికే అది దిక్కు. ఆ హార్డ్‌డిస్క్‌ని తీసి నాన్నగారి డెస్క్‌టాప్‌కి తగిలించి, పైన చెప్పిన యూజర్‌కే షేర్ చేయండి. స్పీడ్ కూడా ఆ పాత రౌటర్ కన్నా బాగా వస్తుంది.

రౌటర్‌ని ముట్టుకోవడం ఇప్పుడే ఇష్టం లేకపోతే, ల్యాప్‌టాప్ నుంచి డెస్క్‌టాప్‌కి దారి ఎలాగూ ఉంది కాబట్టి షేర్లన్నీ డెస్క్‌టాప్‌లోనే పెట్టుకుని, ఇవ్వాల్సిన ఫైళ్లు మీరే అందులో వేసేయొచ్చు. చాలా ఇళ్లకు అది చాలు. యాక్సెస్ పాయింట్ మోడ్‌కి మార్చాలనుకుంటే ముందు మీ పై రౌటర్ మోడల్ నంబర్ రాయండి, దాని అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. మార్చాక కూడా తెరుచుకోకపోతే రెండు మెషీన్ల కొత్త ఐపీలు, 445 పరీక్షలో రెండు వైపులా ట్రూ వచ్చిందా ఫాల్స్ వచ్చిందా, కనిపించిన ఎర్రర్ ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.